‘బాగానే ఉందండీ’ అనే కస్టమర్‌ని ఏం అడగాలి?

కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు ప్రశ్న ఏమిటో చెప్తాను. అడిగిన తమ్ముడిది గుంటూరు. పెదనాన్నగారి ఎలక్ట్రికల్స్, మోటార్ల షాపులో చేరి ఆరు నెలలైందట. ఈమధ్య ఒక కంపెనీ వాళ్లు డీలర్లందరినీ హోటల్‌కి పిలిచి, ట్రైనింగ్ ఇచ్చి, భోజనం పెట్టి పంపారట. ‘కస్టమర్‌కి తెలియని సమస్యను మీరే బయటికి తీయండి, సరుకు దానంతటదే పోతుంది’ అన్నది వాళ్ల పాఠం. కౌంటర్‌లో అడగమని పది ప్రశ్నలున్న కాగితం కూడా చేతిలో పెట్టారట. ‘ఆ ప్రశ్నలు అడుగుతుంటే జనాన్ని భయపెడుతున్నట్టుంది. అడక్కపోతే సేల్స్ లేవని పెదనాన్న అంటున్నారు. ఇది న్యాయమేనా?’ అన్నది తమ్ముడి సందేహం.

నేను 1996లో విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఎలక్ట్రికల్స్ షాపులో కౌంటర్ మీద చేరాను. పన్నెండేళ్లు అక్కడే చేసి, తర్వాత సొంత షాపు పెట్టుకున్నాను. కాబట్టి నేను చెప్పేదంతా వైర్లు, ఎంసీబీలు (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చులు), మోటార్ల భాషలోనే ఉంటుంది. మీదీ అదే వ్యాపారం కనక ఇబ్బంది లేదు.

అడగడం తప్పు కాదు తమ్ముడూ. మన వ్యాపారంలో అడక్కుండా ఇచ్చేయడమే తప్పయ్యే రోజులు చాలా ఉంటాయి. కాకపోతే మీరడిగే ప్రశ్నకి ‘అయితే మీకిది అక్కర్లేదండీ’ అని మీరే చెప్పాల్సి వచ్చే జవాబు కూడా ఒకటి ఉండాలి. కస్టమర్ అవునన్నా కాదన్నా చివరికి అదే సరుకు అంటగట్టేలా ఉంటే దాన్ని ప్రశ్న అనరు. మీ కాగితం ముందు పెట్టుకుని ఒక్కోదాన్నీ ఇలా చూడండి. ఆ పదిలో మీరు పోస్టులో రాసిన మూడు ప్రశ్నల్లో రెండు అక్కడే రాలిపోతాయి. ఆ మూడోదాని సంగతి చివర్లో చెప్తాను.

మా షాపుకి ఎండాకాలంలో రోజూ వచ్చే బేరం ఒకటి చెప్తా. ‘ఎంసీబీ ఊరికే పడిపోతోందండీ, 16 ఆంపియర్లది తీసేసి 32ది ఇవ్వండి.’ మీక్కూడా వస్తుంది. చేతిలో ఎలక్ట్రీషియన్ రాసిచ్చిన చీటీ కూడా ఉంటుంది. 32 తీసి ఇచ్చేస్తే రెండు నిమిషాల పని. కస్టమర్‌కి సంతోషం, ఎలక్ట్రీషియన్‌కి సంతోషం, మనకి డబ్బులు. ఇంటికెళ్లి బిగించుకుంటాడు, ఇక పడిపోదు. ఆయన లెక్కలో సమస్య తీరిపోయింది. అసలు సమస్య మొదలయ్యేది ఆ రోజు నుంచే. ఎందుకంటే ఎంసీబీ ఉన్నది వైరుని కాపాడటానికి. ఇళ్లల్లో పాతకాలంలో లాగిన 1.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు పైపులో ఇంచుమించు 15 ఆంపియర్ల దాకా మోస్తుంది. దాని నెత్తిన 32 పెడితే వైరు కాలడం మొదలైనా ఎంసీబీ కదలదు. కరెంటు రెట్టింపైతే వైరులో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. గోడలో జరిగేది కనక ఎవరికీ కనపడదు.

కొన్నేళ్ల క్రితం మే నెలలో సత్యనారాయణపురం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఇదే బేరానికొచ్చారు. ‘ఎప్పుడు పడిపోతోంది మాస్టారూ?’ అన్నాను. ‘ఎప్పుడంటే... ఎప్పుడైనా’ అన్నారు. అందరూ ముందు అలాగే అంటారు. మనం ఆగాలి. ‘పొద్దున కూడానా, రాత్రేనా?’ అంటే ఆలోచించి, రాత్రే అన్నారు. ఏసీ వేసిన వెంటనేనా, కాసేపయ్యాకా? అరగంటకో ముప్పావుగంటకో. ఆ టైములో ఇంట్లో ఇంకేం నడుస్తుంటాయి? ఇది ఆయనకి తెలియలేదు. ‘ఇంటికి ఫోన్ చేసి అమ్మగారిని అడగండి’ అన్నాను. (ఈ ఒక్క ముక్క మీ కాగితం మీద రాసుకోండి. కొనడానికి వచ్చేది మగవాళ్లైనా, ఏది ఎప్పుడు నడుస్తుందో, ఏది మొరాయిస్తుందో తెలిసింది ఇంట్లో ఆడవాళ్లకే. వాళ్లని అడక్కుండా బేరం ముగిస్తే సగం సంగతి తెలియనట్టే.) ఆవిడ ఫోన్‌లోనే చెప్పేశారు: అప్పుడే ఇండక్షన్ స్టవ్ మీద రాత్రి వంట, అప్పుడే పైన ట్యాంకుకి మోటారు.

కౌంటర్ మీద బిల్లు పుస్తకం వెనక రాసి చూపించాను. ఏసీ 8 ఆంపియర్లు, స్టవ్ 9, మోటారు 5, 6. మొత్తం 22, 23. పాత ఇల్లు, ఆ వాటా మొత్తానికీ ఒకటే 16 ఎంసీబీ. దాని పని అది కరెక్టుగా చేస్తోంది, లోపం దానిలో లేదు. ఇక్కడే ‘మీ వైరింగ్ అంతా ప్రమాదంలో ఉంది, మొత్తం మార్చాలి’ అనేసి ఉంటే, మాస్టారు భయపడి ఒప్పుకునేవారేమో కూడా. నేనన్నది ఇది: ‘ఈ వారం మోటారు పొద్దున్నే వేసుకోండి. రాత్రి వంట గ్యాసు మీద చేసుకోండి. అప్పుడూ పడిపోతే నా లెక్క తప్పు, మళ్లీ రండి. పడకపోతే ఏం చేయాలో అప్పుడు చూద్దాం.’ ఆ రోజు మాస్టారు నా దగ్గర ఏమీ కొనలేదు.

ఎనిమిదో రోజు వచ్చారు. ఒక్కసారి కూడా పడలేదట. ‘మరి ఎన్నాళ్లిలా చూసుకుంటూ బతుకుతాం, ఏం చేయమంటారు?’ అన్నారు. తర్వాత ఎలక్ట్రీషియన్ బోర్డు విప్పితే లోపల ఉన్నది 1.5 వైరే. ఏసీకి మీటరు దగ్గర్నుంచి విడిగా 4 స్క్వేర్ లైను, దానికో 20 ఎంసీబీ. శాంక్షన్ లోడు (ఇంటికి మంజూరైన లోడు) సరిపోతుందో లేదో కరెంటాఫీసులో కనుక్కోమని కూడా చెప్పాను. ముందు అడిగిన 32 ఎంసీబీ ధర కంటే ఈ బిల్లు చాలా ఎక్కువే. కానీ తన ఇంట్లో సమస్య ఏమిటో మాస్టారు తనే వారం రోజులు చూసి తెలుసుకున్నారు. నా మాట నమ్మి కాదు. మీ ట్రైనింగ్ వాళ్లు చెప్పిన పద్ధతీ పైకి ఇలాగే ఉంటుంది, అవే ప్రశ్నలు. తేడా అల్లా ఆ వారం రోజుల్లోనే ఉంది. వాళ్లు ఆ వారం ఇవ్వరు. ‘ఇప్పుడే, ఈ ఆఫర్ రేపు ఉండదు’ అంటారు.

అసలు ‘కస్టమర్‌కి తెలియని సమస్య’ అనే మాటే నాకు సరిగ్గా అనిపించదు. తెలియకపోవడం తక్కువ. అలవాటుపడిపోవడం ఎక్కువ. ‘ఇంట్లో కరెంటు సమస్యలేమైనా ఉన్నాయా అండీ’ అని అడగండి, వందకి వంద మందీ ‘అబ్బే, బాగానే ఉందండీ’ అంటారు. అబద్ధం కాదు, వాళ్ల లెక్కలో బాగానే ఉంది. అదే మనిషిని ‘వాషింగ్ మెషీన్ ముట్టుకుంటే జివ్వుమంటుందా?’ అని అడగండి. ‘ఆ, అది మామూలేగా. చెప్పులేసుకుని ముట్టుకుంటాం’ అంటారు నవ్వుతూ. ఈ జవాబు నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇల్లంతా కలిసి ఆ జివ్వుమనేదానికి సర్దుకుపోయారు. మెషీన్ పక్కన ఒక జత హవాయి చెప్పులు పర్మనెంటుగా ఉంటాయి. చిన్నపిల్లలకి ‘అటు వెళ్లకు’ అని చెప్పి ఉంచుతారు. పనిమనిషికి చెప్పరు, అది వేరే సంగతి.

అందుకని నేను సమస్య గురించి అడగను, దానికి వాళ్లు చేసుకున్న సర్దుబాటు గురించి అడుగుతాను. గీజరు ఆఫ్ చేశాకే స్నానానికి వెళ్తారా? మోటారు వేసేటప్పుడు ఫ్రిజ్ ఆపుతారా? ఏ స్విచ్చైనా రెండుసార్లు నొక్కితేనే వెలుగుతుందా? ఏ ప్లగ్గునైనా వంచి పెట్టాల్సి వస్తోందా? వీటికి జనం దాపరికం లేకుండా చెప్తారు. పైగా చెప్తూ చెప్తూ వాళ్లకే అనుమానం వస్తుంది: ‘అంటే ఇది మామూలు కాదా అండీ?’ ఈ మాట వాళ్ల నోటి నుంచి రావాలి. మనం ముందే అనేస్తే బేరం కోసం అంటున్నామనుకుంటారు. అనుకోవడంలో తప్పు కూడా లేదు.

ఆ చెప్పుల జవాబు వచ్చాక ఏం చేయాలి? చాలామంది కుర్రాళ్లు వెంటనే, కరెంటు లీకైతే తెంపేసే ఆర్‌సీసీబీ డబ్బా తీసి కౌంటర్ మీద పెడతారు. ఆగండి. నేను ముందడిగేది: ‘మీ ఎర్త్ గుంత ఎక్కడుందో తెలుసా? దాంట్లో ఆఖరుసారి నీళ్లెప్పుడు పోశారు?’ లీకైన కరెంటుని నేలలోకి పంపడానికి బొగ్గు, ఉప్పు వేసి పెట్టిన పాత ఎర్త్ గుంతలు ఎండాకాలంలో ఎండిపోయి పనిచేయడం మానేస్తాయి. రెండు బకెట్ల నీళ్లతో జివ్వుమనడం తగ్గిన ఇళ్లున్నాయి. కొన్ని ఇళ్లల్లో సాకెట్‌లో మూడో పిన్నుకి ఎర్త్ వైరే ఇచ్చి ఉండరు, అది అలంకారానికే ఉంటుంది. ఎలక్ట్రీషియన్ టెస్ట్ ల్యాంపుని ఫేజుకీ ఎర్త్‌కీ పెట్టి చూస్తే బల్బు నిండుగా వెలగాలి. మినుకుమినుకుమంటే ఎర్త్ లేనట్టే. మీటరు పొడవు వైరు, గంట పని. ఇందులో షాపుకి మిగిలేది టీ ఖర్చు.

ఆ తర్వాతే ఆర్‌సీసీబీ మాట. దాన్ని అమ్మడానికి నాకు మొహమాటం లేదు, ప్రతి ఇంట్లో ఉండాల్సిందే. మనిషికి షాకు కొట్టేటప్పుడు ఒంట్లోంచి పోయే కరెంటు ఆంపియర్‌లో చిన్న వంతు. అదే ప్రాణం తీస్తుంది. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది చీమ కుట్టినట్టు కూడా ఉండదు, అస్సలు పడదు. ఇళ్లకి వేసే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లు పక్కదారి పట్టగానే తెంపేస్తుంది. ఈ మాట చెప్తే చాలు, కస్టమర్ కళ్లు పెద్దవవుతాయి. ‘మరి ఎంసీబీ ఉందిగా అని ధైర్యంగా ఉన్నామే’ అంటారు. ఇది నిజంగా వాళ్లకి తెలియని సంగతి. చెప్పడం మన ధర్మం.

అయితే రెండో సగం కూడా చెప్పాలి, అక్కడే చాలామంది నాలుక మడతపడుతుంది. ఒక చెయ్యి ఫేజు మీద, ఇంకో చెయ్యి న్యూట్రల్ మీద పడితే ఆర్‌సీసీబీ కూడా కాపాడదు. దానికది మామూలు లోడులాగే కనిపిస్తుంది. ఓవర్‌లోడుకి కూడా పనికిరాదు, ఎంసీబీ విడిగా ఉండాల్సిందే. మీద ఉన్న ‘టి’ బటన్ నెలకోసారి నొక్కి చూసుకోవాలి. ఇంకొకటి, పాత ఇళ్లల్లో రెండు సర్క్యూట్ల న్యూట్రళ్లు కలిపేసి ఉంటే ఇది పెట్టిన రోజు నుంచీ పడిపోతూనే ఉంటుంది. ముందే చెప్పకపోతే వారంలో మీ షాపుకొచ్చి, నలుగురి ముందు ‘నీ సరుకు డూప్లికేటు’ అని గొడవపెట్టుకుంటారు. ముందే చెప్తే అదే మనిషి ‘మీరన్నట్టే పడుతోందండీ, న్యూట్రల్ ఎక్కడ కలిసిందో వెతికిస్తున్నాం’ అని ఫోన్ చేస్తాడు.

భయపెట్టి అమ్మడం ఎలా ఉంటుందో మా ఇంట్లోనే చూశాను. ఒక రోజు నేను షాపులో ఉండగా వాటర్ ప్యూరిఫయర్ కుర్రాడొకడు ఇంటికొచ్చాడు. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. రెండు గ్లాసులు అడిగి, ఒకదాంట్లో మా కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో తను తెచ్చిన ప్యూరిఫయర్ నీళ్లు పోసి, నాలుగు కడ్డీలున్న చిన్న పెట్టె ముంచి కరెంటు పెట్టాడు. నిమిషంలో మా నీళ్లు తుప్పు రంగుకి తిరిగి, పైన తెట్టు కట్టాయి. వాడి నీళ్లు అలాగే తెల్లగా ఉన్నాయి. ‘ఇన్నాళ్లూ మీ పిల్లలు తాగింది ఇదే మేడమ్’ అన్నాడట. మా ఆవిడ ఏడుపొక్కటే తక్కువగా ఫోన్ చేసింది. కుర్రాణ్ణి కూర్చోబెట్టమని ఇంటికెళ్లాను. వాడి గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి, ‘ఇప్పుడు పెట్టు బాబూ’ అన్నాను. వాడి నీళ్లు కూడా తుప్పు రంగు తిరిగాయి. ఆ రంగు నీళ్లలోది కాదు, కడ్డీలోని ఇనుముది. నీళ్లలో ఖనిజాలుంటే కరెంటు పారుతుంది, పారితే ఇనుము కరుగుతుంది. ప్యూరిఫయర్ నీళ్లలో ఖనిజాలు తక్కువ కనక పారదు, అంతే. తాగే నీళ్ల ఐఎస్ 10500 ప్రమాణంలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఖనిజాల లెక్క) లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మామూలుగానే ఒప్పుకుంటారు. వాడి జేబులోనే టీడీఎస్ మీటరుంది, దాంతో మాత్రం కొలవలేదు.

వాడి మీద నాకు కోపం రాలేదు, వాడికీ ఎవరో హోటల్లో భోజనం పెట్టి నేర్పి ఉంటారు. కానీ ఒకటి గమనించండి. వాడు చూపించిన సమస్య మా ఇంట్లో లేదు, వాడి పెట్టెలో ఉంది. మాస్టారి సమస్య మాస్టారి ఇంట్లోనే ఉంది. మనం చూపించేది కస్టమర్ తన ఇంట్లో, తన కళ్లతో, మనం లేనప్పుడు కూడా చూసుకోగలిగేదై ఉండాలి.

మీది మోటార్ల షాపు కూడా అన్నారు కాబట్టి రైతుల సంగతి కాస్త ఎక్కువే చెప్పాలి. మాకు నూజివీడు, మైలవరం వైపు నుంచి వస్తారు, మీకు చుట్టూ మిర్చి, పత్తి రైతులే. కంపెనీ వాళ్ల కాగితంలో ‘మీ పాత మోటారు ఎంత కరెంటు తింటోందో తెలుసా?’ అనే ప్రశ్న ఉందని రాశారు. అది చదివి నవ్వొచ్చింది. వ్యవసాయానికి రోజుకి 9 గంటలు ఉచిత కరెంటు వస్తున్న చోట రైతుకి యూనిట్ల లెక్క చెప్తే ఏం ఎక్కుతుంది? ఆయనకి కరువు యూనిట్లకి కాదు, గంటలకి. ‘ఒక తడి పెట్టడానికి ఇదివరకు ఎన్ని రోజులు పట్టేది, ఇప్పుడెన్ని పడుతోంది?’ అని అడగండి. వేళ్ల మీద లెక్కపెట్టి చెప్తారు. రెండు రోజుల్లో అయ్యేది నాలుగు రోజులు పడుతోందని బయటికి అన్నప్పుడు, అదేదో మొదటిసారి విన్నట్టు ఆయనే ఒక్క క్షణం ఆగుతారు.

నాలుగు రోజులు పడుతోందని తేలాక, ఎందుకు పడుతోందన్నది అసలు పని. రైతు మనసులో జవాబు అప్పటికే ఉంటుంది: పెద్ద మోటారు. అయిదు హార్స్‌పవర్ తీసి ఏడున్నర పెడదాం అని వస్తారు. అలా వచ్చినవాళ్లని నేనడిగే ప్రశ్న ఒకటుంది, చాలా బేరాలు దానివల్ల పోయాయి: ‘బోరు నీళ్లు ఎలా వస్తున్నాయి? సన్నగా అయినా ఒకేలా వస్తున్నాయా, లేక ముందు బాగా పోసి తర్వాత గాలి తన్నుతూ ఆగి ఆగి వస్తున్నాయా?’ ఒకేలా సన్నగా వస్తుంటే మోటారు ఇంపెల్లర్లు (నీళ్లని పైకి నెట్టే చక్రాలు) అరిగాయో, లోపల పైపు ఎక్కడైనా కారుతోందో చూడాలి. గాలి తన్నుతుంటే బోరులోనే నీరు సరిపోవడం లేదు. మోటారు తోడినంత వేగంగా ఊట రావడం లేదు. రెండు మూడు గంటలు ఆపి మళ్లీ వేస్తే కాసేపు నిండుగా పోసి, తర్వాత మళ్లీ గాలి తన్నితే అనుమానమే అక్కర్లేదు. అలాంటి బోరుకి ఏడున్నర పెడితే ఇంకా త్వరగా ఎండిపోయి, మోటారు ఉత్తదిగా తిరిగి కాలిపోతుంది. దానికి గేట్‌వాల్వు కాస్త తిప్పి ధార తగ్గించుకోవడమో, నీళ్లు లేనప్పుడు మోటారు దానంతటది ఆగే డ్రై రన్ ప్రొటెక్షన్ పెట్టుకోవడమో మందు. పెద్ద మోటారు మీద మిగిలేదానికీ దీని మీద మిగిలేదానికీ పోలికే లేదు.

మోటారు పదే పదే కాలిపోతోందని వచ్చేవాళ్లని స్టార్టరు గురించి అడగండి. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు రెండిటి మీద మూలుగుతూ తిరిగి కాలిపోతుంది. ఒక సీజన్లో రెండుసార్లు వైండింగ్ చేయించానని చెప్తారు, అదేదో జ్వరం వచ్చి తగ్గినట్టు. ఒక ఫేజు పోగానే మోటారుని ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ ఉందా అంటే, ‘ఉండేది, మాటిమాటికీ ఆపేస్తోందని మేస్త్రి దాన్ని తప్పించి డైరెక్ట్ చేశాడు’ అంటారు. మాస్టారి 32 ఎంసీబీ కథే ఇది, ఊరు మారిందంతే.

మేస్త్రి అన్నాను కాబట్టి, మీ ట్రైనింగ్‌లో చెప్పి ఉండని మాట ఒకటి. మన దగ్గరికి కస్టమర్‌ని తెచ్చేది ఎలక్ట్రీషియను. చీటీ రాసేది ఆయన, కమీషన్ తీసుకునేదీ ఆయనే. ఆయన రాసింది తప్పని కస్టమర్ ముందు అన్నారంటే మీరు చెప్పింది ఎంత నిజమైనా ఆ మేస్త్రి మీ గడప తొక్కడు. ఆయనతో పాటు ఆయన కస్టమర్లు యాభై మంది. మొదట్లో నేను అలా ఇద్దర్ని పోగొట్టుకున్నాను, కుర్రతనం. తర్వాత నేర్చుకున్నదేంటంటే, చీటీ చూడగానే కస్టమర్‌ని కూర్చోబెట్టి మేస్త్రికి ఫోన్ చేయడం. ‘మేస్త్రీ, 32 రాశావు. లోపల వైరెంతుందో చూశావా?’ అంటే ఆయనే అవతల నుంచి ‘అరె, చూడలేదండీ, ఆగమనండి, సాయంత్రం విప్పి చూస్తా’ అంటాడు. మాట ఆయన నోటి నుంచే వచ్చింది, పరువు పోలేదు. పాతవాళ్లు ఇప్పటికీ 3/20, 7/20 (20 గేజి తీగలు మూడు, ఏడు) అనే గేజి లెక్కలోనే అడుగుతారు, అది కూడా తెలిసుంటే మీ మీద గౌరవం ఉంటుంది. చూసి కూడా 32నే ఇమ్మనే మేస్త్రి ఉంటాడు. అలాంటప్పుడు నేను ఇవ్వను. ‘స్టాకు లేదు’ అంటాను. అబద్ధమే, ఒప్పుకుంటున్నాను.

కొనబోయింది అక్కర్లేదని చెప్పి పంపినవి కూడా చాలా ఉన్నాయి. ఒకాయన పెద్ద స్టెబిలైజర్ కోసం వచ్చారు, మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇల్లు. టీవీ ఒకటి, రెండు బల్బులు పోయాయట. ‘ఒక గదిలో లైటు డల్ అయినప్పుడు ఇంకో గదిలో ఎక్కువ వెలుగుతోందా?’ అంటే ఆశ్చర్యపోయి, అవునన్నారు. న్యూట్రల్ ఎక్కడో వదులైంది. ‘ఇంటికి ఫోన్ చేసి ముందు మెయిన్ ఆపించండి, లైన్‌మ్యాన్‌ని పిలవండి’ అన్నాను. సర్వీసు వైరు దగ్గర జాయింటు బిగించారు, స్టెబిలైజర్ అక్కర్లేకపోయింది. మీ పెదనాన్నగారు ఇది చదువుతుంటే ఆయనకి నచ్చకపోవచ్చు.

2024 సెప్టెంబరు విజయవాడ వరద రోజులు చెప్పకుండా ఈ జవాబు పూర్తికాదు. ఒకటో తారీఖున బుడమేరు వాగు నీళ్లు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేటల్ని ముంచేశాయి. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నీళ్లు తీశాక జనం బురద చేతులతో షాపులకొచ్చారు. ఆ రోజు ఏం చెప్తే అది నమ్మే స్థితిలో ఉన్నారు. ఇల్లంతా వైరింగ్ మార్చాలంటే మార్చుకుంటారు, అప్పు చేసైనా. ఊళ్లో అలా చెప్పినవాళ్లూ ఉన్నారు.

మేం నిజం చెప్పినా అదీ చిన్న ఖర్చు కాదు. మునిగిన ఎంసీబీలు, ఆర్‌సీసీబీలు, స్విచ్చులు, సాకెట్లు ఎండబెట్టి వాడుకుంటామంటే వద్దన్నాం. లోపల బురద పట్టినవి పైకి పనిచేస్తున్నట్టే ఉండి, పడాల్సినప్పుడు పడవు. కానీ గోడలో వైరు సంగతి వేరు. జాయింట్లు విప్పి ఆరబెట్టి, 500 వోల్టుల మెగ్గర్ (వైరు తొడుగు కరెంటుని ఆపుతోందో లేదో కొలిచే మీటరు) వేసి చూడమన్నాం. ఒక మెగోమ్ కంటే తక్కువ చూపించిన సర్క్యూట్లు మార్చుకోండి, మిగతావి ఉంచండి అన్నాం. షాపులో ఉన్న మెగ్గర్ ఇద్దరు ఎలక్ట్రీషియన్ల చేతికిచ్చి పంపాం. కొన్ని ఇళ్లల్లో ఒకటో రెండో సర్క్యూట్లు పోయాయి, కొన్నిట్లో ఒక్కటీ పోలేదు. మెగ్గర్ సూది కస్టమర్ ఎదురుగానే కదులుతుంది కాబట్టి మా మాట మీద ఆధారపడాల్సిన పనే లేకపోయింది. ఆ పది రోజులు నాకూ ఆశ పుట్టలేదని చెప్పను. గోడౌన్‌లో కాయిల్స్ దొంతర్లుగా ఉన్నాయి, నెలాఖరుకి కంపెనీకి కట్టాల్సింది ఉంది.

ఇక సేల్స్ లేవన్న మాట. మీ పెదనాన్న చెప్పేది కొట్టిపారేయకండి, అద్దె, జీతాలు ప్రశ్నల మీద రావు. ఒక లెక్క చెప్తా. మామూలు ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు అనుకుందాం. రోజుకి 12 గంటలు తిరిగితే నెలకి 16 యూనిట్లు మిగులుతాయి. ఇల్లంతా అయిదు ఫ్యాన్లు మార్చేయండి అని కంపెనీ వాళ్లు చెప్పమంటారు. నేను ‘రాత్రంతా తిరిగేవెన్ని?’ అని అడుగుతాను. రెండే అంటారు. ‘అయితే ఆ రెండే మార్చండి. చుట్టాలొస్తే వేసే గదిలో ఫ్యానుకి పెట్టిన డబ్బు ఎన్నేళ్లకీ తిరిగి రాదు. పాత రెగ్యులేటర్ దీనికి పనికిరాదు, అది తీసేయించాలి’ అంటాను. అయిదు అమ్మాల్సిన చోట రెండు అమ్మాను. మూడో నెల ఆయన తమ్ముణ్ణీ పక్కింటాయన్నీ తీసుకొచ్చారు. అలా రాని సందర్భాలు కూడా చాలా ఉన్నాయి. నా లెక్కంతా విని, వెళ్లి పక్క షాపులో యాభై రూపాయలు తక్కువకి కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు, ఇప్పటికీ ఉంటారు. దానికి నా దగ్గర మందు లేదు. ఏడాది ఓపిక పట్టాలని మాత్రం పెదనాన్నగారికి చెప్పి చూడండి. ఒక క్లాంప్ మీటరు (వైరు తెంపకుండా కరెంటు కొలిచేది), ఒక మెగ్గర్ షాపులో ఉంచుకోండి, ఆ ఖర్చు వృథా పోదు.

చివరికి మీ కాగితంలోని ఆ మూడో ప్రశ్న. ‘పిల్లలున్న ఇల్లు కదండీ, రేపేదైనా జరగరానిది జరిగితే?’ దీనికి ఏ తల్లి ఏం జవాబు చెప్తుంది? వద్దనే దారి లేకుండా అడిగిన మాట అది. ఎంత అవసరమైన సరుక్కైనా సరే, అది కొట్టేయండి. ఆ చోట ‘మెషీన్ పక్కన చెప్పులేమైనా పెట్టుకున్నారా అండీ?’ అని రాసుకోండి. లేవంటే ఆమె కొనడానికొచ్చిన బల్బు ఇచ్చి పంపేయండి. ఉన్నాయంటే, ముందు ఎర్త్ గుంత ఎక్కడుందో అడగండి.